పదమూడో ఫ్రేము

ఇమ్మానుయేలు నా మరచెంబు పోగొట్టాడు. అందుకే నేను వాడితో మాట్లాడటం మానేశానని మా ఆఫీసులో అందరూ అనుకున్నారు. అనుకుంటే అనుకోనీ అని నేనూ ఊరుకున్నాను. మరచెంబంటే ఈ కాలం వాళ్లకి తెలుసో లేదో. మర మూత ఉన్న ఇత్తడి చెంబు. మూత తిప్పి బిగిస్తే రైల్లో తలకిందులుగా పెట్టినా చుక్క నీరు కారదు. మా అత్తవారు పెళ్లిలో పెట్టారు, అడుగున నా పేరు కూడా కొట్టించి మరీ ఇచ్చారు. దాన్ని అరువు తీసుకుపోయి ఉప్పెనలో పడేసి వచ్చాడని కనపడినవాడికల్లా చెప్పి తిట్టాను. ఒక చెంబు కోసం ఎవడైనా ప్రాణస్నేహితుణ్ణి వదులుకుంటాడటయ్యా అని ఒక్కడైనా నన్ను నిలదీయలేదు. ఆఫీసుల్లో మనుషులు అంతే.

నా పేరు కంచర్ల భూషణం. బెజవాడలో 'తూర్పుగాలి' అనే దినపత్రిక ఉండేది. అందులో ముప్పై ఒక్క ఏళ్లు డార్క్‌రూమ్‌లో పనిచేశాను. ఫొటోగ్రాఫర్లు తెచ్చిన ఫిల్ములు కడగడం, ప్రింట్లు వేయడం నా పని. పేరు బొమ్మ తీసినవాడికి, గోళ్లలో మందు మరకలు నాకు. ఇమ్మానుయేలు మా ఫొటోగ్రాఫరు. ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం, ఒకే క్యారేజీలో తిన్నాం.

నలభై ఏడేళ్ల కిందట ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది. సముద్రం తాటిచెట్టంత ఎత్తున లేచి తీరంలోని ఊళ్ల మీద పడింది. రోడ్లు లేవు, ఫోన్లు లేవు. ఇమ్మానుయేలు కెమెరా మెడలో వేసుకుని, నా మరచెంబులో నీళ్లు నింపుకుని బయలుదేరాడు. మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. వాడు తెచ్చిన బొమ్మల్లో ఒకదాన్ని మొదటి పేజీలో నాలుగు కాలమ్‌ల వెడల్పున వేశాం.

మీరు ఆ బొమ్మ చూసే ఉంటారు. చుట్టూ బురద నీళ్లు. సగం మునిగిన గడ్డివామి. దాని మీద నాలుగేళ్ల పిల్ల, వెల్లకిలా పడి ఉంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది, చిన్న చెయ్యి ఒకటి ఆకాశం వైపు తెరుచుకుని ఉంది. 'ఎవరి కంటిపాపో?' అని మా సబ్‌ఎడిటరు కింద రాశాడు. ఆ ఒక్క బొమ్మతో రాష్ట్రమంతా కదిలిపోయింది. లారీలకు లారీలు బియ్యం, దుప్పట్లు వెళ్లాయి. మా ఆఫీసు మెట్ల మీద ఒకావిడ కూతురి పట్టుగౌను తెచ్చి ఇచ్చి, ఆ పాపకి వేయండి అంది. చనిపోయిన పిల్లకి గౌను ఎందుకమ్మా అన్నాను. "వేసి పూడ్చండి, ఒంటి మీద తడిబట్టతో పంపకండి" అని మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

కానీ నేను ఏడ్చింది వేరే దానికి.

ఆ మధ్యాహ్నం ఇమ్మానుయేలు ఒంటి మీద చొక్కా లేకుండా, బనీనుతో వచ్చాడు. ఫిల్ము నా చేతిలో పెట్టి డార్క్‌రూమ్ బయట స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఫిల్ము కడిగి దీపానికి ఎత్తి చూశాను. పదకొండో ఫ్రేములో పిల్ల వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. పన్నెండో ఫ్రేములో తెరుచుకుని ఉన్నాయి. గాలికి గడ్డి కదులుతుంది, జుట్టు కదులుతుంది. వేళ్లు విచ్చుకుంటాయా?

ఫిల్ము అలాగే పట్టుకుని బయటికొచ్చాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు. పిల్ల బతికుందా అని అడగాలి. నోరు రాలేదు. లోపల నుంచి బొమ్మలకు అచ్చుదిమ్మలు చేసే బ్లాకు సెక్షన్ వాళ్లు ప్రింటు ఏదీ అని కేకలు పెడుతున్నారు. నేను అడిగింది ఏమిటో తెలుసా? "నా చెంబేదిరా?" అని.

"పోయింది" అన్నాడు.

అంతే. పన్నెండో ఫ్రేము ప్రింటు వేసి ఇచ్చాను. పదమూడోది ఊగిపోయి అలుక్కుపోయింది, పనికిరాదని సరిగ్గా చూడనైనా లేదు. ఆ మూడు ఫ్రేముల ముక్క కత్తిరించి దాచి, నెగటివ్ తడికి పాడైపోయిందని ఆఫీసులో అబద్ధం చెప్పాను. బిస్కెట్ల డబ్బాలో పెట్టి మా ఇంటి అటక మీదికి ఎక్కించాను. బతికున్న పిల్లని బొమ్మ తీసుకుని వీడు తన దారిన తాను వచ్చేశాడని నా మనసులో ముద్ర పడిపోయింది. వాడికి అవార్డు ఇచ్చినప్పుడు నేను చప్పట్లు కొట్టలేదు. ఆ తర్వాత వాడు మనుషుల బొమ్మలు తీయడమే మానేశాడు. పూల ప్రదర్శనలు, పశువుల సంతలు, డ్యాముల గేట్లు తీశాడు. తప్పు చేసినవాడు మనుషుల మొహాలు ఎలా చూస్తాడులే అనుకున్నాను. పదకొండేళ్ల కిందట పోయాడు. మోకాళ్ల నొప్పి వంక పెట్టి చూడ్డానికి కూడా వెళ్లలేదు నేను.

ఇక మా అమ్మాయి సంగతి. పేరు నళిని. డార్క్‌రూమ్ వాడి కూతురు కదా, వెండి పిచ్చి పట్టింది. పాత ఫిల్ముల్లో బొమ్మ ఏర్పడేది వెండి రేణువులతోనే. అవి వెలుతురునే కాదు, ఎదురుగా ఉన్నవాటి వేడిని కూడా రవ్వంత పట్టుకుంటాయని కనిపెట్టింది. దాన్ని చదివే యంత్రం కట్టింది. తాపదర్శిని అని పేరు పెట్టింది. నాకైతే ఇడ్లీ పాత్రకి తీగలు తగిలించినట్టు కనపడింది.

"నమ్మకపోతే నీ దగ్గరున్న నెగటివ్ ఒకటియ్యి నాన్నా" అంది.

మా ఆవిడది ఇచ్చాను. పెళ్లయిన మూడో ఏట కృష్ణ ఒడ్డున నేనే తీసింది. ఆ రోజు నవ్వమంటే నవ్వలేదని ఆవిడ మీద చిరాకు పడ్డాను, బాగా గుర్తు. యంత్రం గుయ్యిమంది. తెర మీద నీలం, పసుపు, ఎరుపు రంగుల్లో మా ఆవిడ ఆకారం తేలింది. మొహం కణకణలాడే ఎరుపు.

నళిని అంకెలు చూసి నెమ్మదిగా అంది. "అమ్మకి ఆ రోజు జ్వరం నాన్నా. నూట రెండు ఉంది."

"నాకు చెప్పనేలేదే!" అన్నాను.

చెప్పడానికి ఇప్పుడావిడ ఎక్కడుంది? నెగటివ్ బయటికి తీస్తే గాజుముక్కలా తెల్లగా ఉంది. చదవాలంటే వెండిని కాల్చాలట, కాలిస్తే బొమ్మ పోతుందట. ఒక్కో ఫ్రేముకు ఒక్కటే అవకాశం. జ్వరం తెలిసింది, మనిషి చెరిగిపోయింది. ఇదేం విద్యే తల్లీ అనుకుని ఇంటికొచ్చి ఆ రోజంతా అన్నం తినలేదు.

ఈ యంత్రం గురించి పేపర్లో పడింది. అది పడ్డ వారానికి నళిని నాకు ఫోన్ చేసింది.

"నాన్నా, గడ్డివామి పాప తల్లి వచ్చింది. కొడుకుతో. ఆ నెగటివ్ చదివి పెట్టమంటోంది. పాడైపోయిందని నువ్వే ఒకసారి వచ్చి చెప్పు. నేను చెబితే వినడం లేదు."

వస్తున్నానన్నాను. అటక మీద నుంచి డబ్బా దింపి సంచీలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానంటే చెప్పలేను.

ఆవిడ పేరు నాంచారమ్మ. డెబ్భై దాటి ఉంటాయి. ఉప్పులదిబ్బ ఊరు. ఒళ్లో గుడ్డసంచీ ఒకటి గట్టిగా పట్టుకుని నళిని ల్యాబులో బెంచీ అంచున కూర్చుని ఉంది. కొడుకు ఏడుకొండలు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రొయ్యల చెరువుల మీద కాపలా పని చేస్తాడట.

"ఈయనే అమ్మా, ఆ రోజుల్లో ఫొటోలు కడిగింది. మా నాన్నగారు" అంది నళిని.

నాంచారమ్మ లేచి దణ్ణం పెట్టింది. నేను అడక్కుండానే మొదలుపెట్టింది. ఎన్ని వందలసార్లు తనలో తాను చెప్పుకుందో, ఎక్కడా తడుముకోలేదు.

"నీళ్లొచ్చినప్పుడు ఈడు సంకలో ఉన్నాడు బాబూ, ఏడాది పిల్లోడు. మా రత్తాలుని గడ్డివామి ఎక్కించి నా కోక చెంగుతో వామి సుట్టూ ఉన్న మోకుకి కట్టేశా. అట్టాగే పట్టుకునున్నాం ముగ్గురం. తెల్లారుజామున నీళ్లు నీళ్లు అంది. సుట్టూ నీళ్లేగా, ఒక్క చుక్క తాగేది లేదు. అన్నీ ఉప్పే. తెల్లారాక పిలిస్తే పలకలా. గిచ్చాను. కళ్లు తెరవలా. పొట్ట మీద సెయ్యేసి సూశా, సల్లగా ఉంది."

తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

"నా సెయ్యే సల్లగా ఉంది కదా బాబూ. నాకెట్టా తెలుస్తది?"

నళిని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఈడేమో నీలుక్కుపోతన్నాడు. గట్టు మీద బడికాడ జనం ఉన్నారని ఎవరో అరుస్తన్నారు. కట్టు ఇప్పి, ఈణ్ణి ఎత్తుకుని నీళ్లలో పడి ఎల్లిపోయా. దాన్ని అక్కడే వదిలేసి. మూడోనాడు మా అన్న పడవేసుకుని ఎల్లి తెచ్చాడు. ఆ తర్వాత పేపర్లో బొమ్మ సూపించారు. అందరూ సచ్చిపోయిన పిల్లంటారు. నాకొక్కటి సెప్పండి. అది సచ్చిపోయినాకే వదిలేశానా, నేను వదిలేసినందుకు సచ్చిపోయిందా?"

నెగటివ్ లేదమ్మా అని చెప్పడానికి వచ్చాను నేను. నాలుక చివరిదాకా వచ్చింది. నలభై ఏడేళ్లు ఆ అబద్ధమే ఆడినవాణ్ణి, ఇంకొక్కసారి ఆడితే ఏం పోయింది? కానీ ఆవిడ చేతులు ఇంకా అలా తెరిచే ఉన్నాయి. సంచీలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

నళిని నన్ను ఎగాదిగా చూసింది. "ఇది ఇంట్లోనే ఉందా?"

"తర్వాత తిడుదువుగాని. ముందు చదువు."

మూడు ఫ్రేముల ముక్క. చదివితే మిగలదని నళిని నాంచారమ్మకి రెండుసార్లు చెప్పింది. "బొమ్మ ఊరంతా ఉందిగా తల్లీ. నాకది అక్కర్లా" అందావిడ.

పదకొండో ఫ్రేము. తెర మీద నీళ్లన్నీ ముదురు నీలం, గడ్డి లేత నీలం. మధ్యలో పిల్ల ఆకారం, ఛాతీ దగ్గర మాత్రం పలచటి పసుపు. "ఇంతమాత్రానికి ఏమీ చెప్పలేను" అంది నళిని. పన్నెండోది పెట్టింది. అదే పసుపు. అయితే పైపెదవి మీద, ముక్కు కింద, ఆవగింజంత ఎరుపు చుక్క కొత్తగా వచ్చింది. నళిని దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఊపిరి. నాకు అర్థమైపోయింది. చల్లగా ఉందని చెప్పెయ్యవే అని కళ్లతో సైగ చేశాను. మా అమ్మాయి నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"అమ్మా, ఈ ఫొటో తీసేటప్పటికి పాప ఊపిరి తీస్తోంది."

గుమ్మం దగ్గర ఏడుకొండలు అలాగే గోడకి జారి కింద కూర్చున్నాడు. "నా కోసమే గదమ్మా" అన్నాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, మోకాళ్లలో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాంచారమ్మ మాత్రం ఏడవలేదు. తెర వంకే చూస్తోంది.

"బతికే ఉందన్నమాట" అంది. "నీళ్లడిగి ఉంటది. ఆ బొమ్మ తీసిన బాబు నీళ్లయినా పట్టాడా?" అంది.

నలభై ఏడేళ్లుగా నా కడుపులో మండుతున్న ప్రశ్న అదేగా. పట్టలేదమ్మా, వాడు బొమ్మ తీసుకుని వచ్చేశాడు అని నోటిదాకా వచ్చింది.

"ఇంకో ఫ్రేము ఉంది కదా నాన్నా" అంది నళిని.

"అది అలుక్కుపోయింది. చెయ్యి తగిలి పడ్డది."

"వెలుతురు అలుక్కుపోతే వేడి కూడా పోవాలనేం లేదు."

పదమూడోది పెట్టింది. యంత్రం గుయ్యిమంటున్నంతసేపు నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. నళిని "నాన్నా" అని పిలిచింది. ఆ పిలుపుకి తిరిగాను.

పై నుంచి కిందికి చూసినట్టుగా ఉంది బొమ్మ. మా ఫొటోగ్రాఫర్లకొక అలవాటు, బొమ్మ నొక్కగానే వెంటనే ఫిల్ము తిప్పి పెట్టుకుంటారు, తర్వాతి దానికి సిద్ధంగా. వంగినప్పుడు మెడలో వేలాడే కెమెరా మీట దేనికో తగిలి ఉంటుంది. తెర మీద రెండు మోకాళ్లు, ఎర్రగా. మఠం వేసుకుని కూర్చున్న మగవాడి ఒడి. ఆ ఒడిలో పిల్ల తల. గడ్డం కింద ఒక పెద్ద చెయ్యి, వెచ్చగా. పిల్ల పెదవుల నుంచి మెడ దాకా చల్లటి నీలపు గీత ఒకటి కారింది. పక్కన గడ్డిలో ఇంకా చల్లగా, గుండ్రంగా, మెడ సన్నగా ఉన్న వస్తువు ఏదో ఉంది. దాని మూత తీసి ఉంది.

"ఈ గీత తడి. నీళ్లు పట్టిన తడి" అంది నళిని. "ఇదేమిటో లోహం."

బల్ల పట్టుకున్నాను.

నాంచారమ్మ లేచింది. చేతిలో సంచీ విప్పింది. పాత కోక గుడ్డలో చుట్టినదాన్ని తీసి, చుట్టు విప్పి, తెర ముందు పెట్టింది.

"ఇదేనా?"

ఇత్తడి మరచెంబు. చింతపండు పెట్టి తోమి తోమి నున్నబడిపోయింది.

"మా అన్న ఎల్లేసరికి పిల్ల మీద మొహం దాకా మగోళ్ల సొక్కా కప్పుంది. తలకాడ ఈ చెంబు నిలబెట్టుంది. ఎక్కడినించో కొట్టుకొచ్చిందనుకున్నాం. అడుగున పేరుంటే బడి పంతులు సదివి సెప్పాడు, భూషణం అంట. ఈ మారాజు కూడా ఉప్పెనలో పోయుంటాడు, ఆయనకి ఎవరూ ఉన్నారో లేదో అని, ఏటా కార్తీకంలో నా బిడ్డకి దీపం పెట్టినప్పుడు పక్కన ఆయనకీ ఒకటి పెడతన్నా. నలభై ఏడు దీపాలు పెట్టానయ్యా."

నళిని చెంబు తిరగేసి చూసింది. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు సగం అరిగినా చదవడానికి వస్తున్నాయి. కంచర్ల భూషణం. తలెత్తి నా వైపు చూసింది. నేనే చెప్పాలి.

"ఆ భూషణం నేనే అమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మీరు బతికే ఉన్నారా?"

ఆ మాట నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు. బెంచీ మీద కూర్చుండిపోయి మొత్తం చెప్పేశాను. చెంబు నాదేగాని నీళ్లు పట్టింది నేను కాదని చెప్పాను. ఇమ్మానుయేలు అని ఒకడుండేవాడు, చొక్కా వాడిదే అని చెప్పాను. వేళ్లు కదలడం నేను చూశాను, చూసి నోరు మూసుకున్నాను, వాణ్ణి ఒక్క మాట అడగకుండానే దోషిని చేసి పారేశాను అని చెప్పాను. చెబుతూ ఉంటే వాడి సంగతి కూడా ఇప్పుడే నా తలకెక్కింది. ముందు రెండుసార్లు మీట నొక్కి, ఆ తర్వాతే పిల్ల బతికుందని తెలిసి ఒడిలోకి తీసుకున్నాడు. ఆ రెండు నొక్కుళ్ల సంగతి ఎవరితో చెప్పుకుంటాడు? ఎదురుగా స్నేహితుడు నిలబడి చెంబేదిరా అని అడుగుతుంటే, ఎక్కడుందో చెప్పాలంటే అంతా చెప్పాలి. పోయింది అన్నాడు. నేను ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే చెప్పేవాడు. ఛీ, నా బతుకు.

"ఆయనున్నారా?" అంది నాంచారమ్మ.

"లేడమ్మా. పదకొండేళ్లయింది."

ఆవిడ చాలాసేపు ఆ ఎర్రటి మోకాళ్ల వైపు, వాటి మీద ఉన్న చిన్న తల వైపు చూసింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. శబ్దం లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ ఏడ్చింది. ఏడుకొండలు వచ్చి పక్కన కూర్చుని తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కతే పోలేదురా" అంది కొడుకుతో. "ఒళ్లోనే పోయింది. నీళ్లు తాగే పోయింది."

వెళ్లేముందు చెంబు నా చేతిలో పెట్టింది. వద్దమ్మా, మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను. ఒప్పుకోలేదు. "దీని మీద ఆయన పేరు కూడా కొట్టించండి" అంది. గుమ్మం దాటుతూ ఆగి, వెనక్కి తిరిగి, "ఈ ఏటి నించి రెండో దీపం ఆయనకి పెడతాలే బాబూ. మీరు బతికున్నారుగా" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

నెగటివ్ ముక్క నళిని నాకు ఇచ్చింది. మూడు ఫ్రేములూ ఖాళీ. లోకాన్ని ఏడిపించిన బొమ్మ ఊరూరా అచ్చై ఉంది. నేను పనికిరాదని పక్కన పడేసిన బొమ్మకి ఒక్క ప్రింటు కూడా లేదు.

మర్నాడు వన్‌టౌన్‌లో పాత్రల కొట్టుకి వెళ్లాను. పేర్లు కొట్టేవాడు ఇప్పుడు కరెంటు పెన్నుతో చెక్కుతున్నాడు. ఎవరికి ప్రెజెంటేషనండీ అన్నాడు. నా పేరు పైన, పెద్ద అక్షరాలతో ఇమ్మానుయేలు అని రాయమన్నాను. పైన చోటు లేదండీ, పక్కన వేస్తానన్నాడు. సరే, పక్కనే వెయ్యి, పక్కనే కదా ఉండాల్సింది అన్నాను.

అక్కడి నుంచి రిక్షా మాట్లాడుకుని క్రైస్తవుల శ్మశానానికి వెళ్లాను. వాడి సమాధి వెతుక్కోవడానికే గంట పట్టింది. ఎన్నడూ వచ్చినవాణ్ణి కాదు కదా. నాప రాయి పక్కకి ఒరిగి ఉంది, చుట్టూ గడ్డి పెరిగింది. మోకాళ్లు నిజంగానే నొప్పి పుడుతున్నా కింద కూర్చున్నాను. పంపు దగ్గర నింపుకొచ్చిన చెంబు ముందు పెట్టుకున్నాను. మూత తిప్పాను. ఇన్నేళ్లయినా మర బిగువు తగ్గలేదు. రాయి మీద నెమ్మదిగా నీళ్లు పోశాను.

"చెంబు దొరికిందిరా" అన్నాను.